విడిపోయాక ఇల్లు అమ్మాల్సి వస్తే: ధమ్మం ఏం చెప్తుంది?



పెళ్ళి గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. కట్నం లేకుండా, ముహూర్తం లేకుండా, త్రిశరణ పంచశీలతో పెళ్ళి ఎలా చేసుకోవాలో పాంప్లెట్లు వేసుకున్నాం, సభలు పెట్టుకున్నాం. విడిపోవడం గురించి మాత్రం తక్కువ మాట్లాడుకున్నాం. విడిపోయాక మిగిలే ఇంటి గురించి అయితే అసలు మాట్లాడుకోలేదు. కానీ ఆ ప్రశ్న మన ఇళ్ళలోకి వచ్చేసింది. మొగుడూ పెళ్ళాం విడాకులు తీసుకున్నారు. ఉన్నది ఒకటే ఇల్లు. దాన్ని అమ్మాలా, వద్దా? అమ్మితే ఎవరికెంత? "నా పేరు మీదుంది, నాది" అని ఒకరు. "నేను పదిహేనేళ్ళు అందులో అరిగిపోయాను, నాది కాదా?" అని ఇంకొకరు. పెద్దవాళ్ళేమో "పరువు పోతుంది, అమ్మొద్దు" అంటారు.

దీన్ని లాయరు చూసుకుంటాడులే అని వదిలేయడానికి లేదు. లాయరు చట్టం చూస్తాడు. శీలం ఎవరు చూడాలి? మనమే చూసుకోవాలి.

మనిషి ఒంటరిగా ఉంటే ధమ్మంతో పని లేదనీ, ఇద్దరు మనుషులు కలిసి బతకాల్సి వచ్చినప్పుడే ధమ్మం అవసరమవుతుందనీ బాబాసాహెబ్ 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో వివరించారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఇద్దరు విడిపోయారనుకుందాం. వాళ్ళ మధ్య ధమ్మం కూడా అయిపోయినట్టేనా? కాపురం అయిపోయింది, నిజమే. కానీ ఇల్లు ఇంకా ఇద్దరి మధ్యే ఉంది. అప్పు ఇద్దరి మధ్యే ఉంది. పిల్లలు ఉన్నారు. అంటే సంబంధం ఇంకా ఉంది. సంబంధం ఉన్నంతవరకు ధమ్మం ఉంది. భార్యాభర్తలుగా వాళ్ళిద్దరూ ఒకరికొకరు చేయాల్సిన ఆఖరి పని ఇల్లు తేల్చుకోవడమే. ఆ పని శీలంతో చేస్తారా, పగతో చేస్తారా అన్నదే అసలు ప్రశ్న.

ఇల్లంటే మనకి ఏమిటి

ముందు ఒక మాట ఒప్పుకుందాం. ఇల్లు అమ్మాలంటే ఎవరికైనా బాధే. మన వాళ్ళకి ఇంకాస్త ఎక్కువ. ఊరి చివర, వాడలో, తాటాకు కప్పు కింద పుట్టిన తాతలు. వానొస్తే గిన్నెలు పెట్టుకున్న నాయనమ్మలు. స్థలం కొందామంటే "మీకు అమ్మం" అన్న ఊళ్ళు. అద్దెకి వెళ్తే పేరు అడిగి, కులం అడిగి తలుపేసిన పట్నాలు. వాటన్నిటినీ దాటి ఒక తరం స్లాబు వేసుకుంది. గోడ మీద బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం పెట్టుకుంది. అలాంటి ఇంటిని "ఇటుకలే కదా" అని తీసిపారేసేవాడికి మన చరిత్ర తెలియనట్టే.

బాబాసాహెబ్ కూడా ఇంటిని చిన్నచూపు చూడలేదు. బొంబాయి దాదర్‌లో తన పుస్తకాల కోసం, కుటుంబం కోసం కట్టుకున్న ఇంటికి 'రాజగృహ' అని బుద్ధుడి కాలం నాటి నగరం పేరు పెట్టుకున్నారు. గృహస్థుడు ఇల్లు కోరుకోవడం తప్పని ధమ్మం ఎక్కడా చెప్పదు. కాబట్టి అమ్మేటప్పుడు ఏడుపొస్తే ఏడవండి. సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదు. ఎదుటివాళ్ళ వాటా మింగితే మాత్రం సిగ్గుపడాలి.

రెండో శీలం దగ్గర నిలబడి చూడండి

పంచశీలలో రెండోది అదిన్నాదానం నుంచి దూరంగా ఉండటం. మనం దాన్ని "దొంగతనం చేయను" అని చెప్పుకుంటాం. పాళీలో మాట ఇంకా లోతైనది. 'అదిన్న' అంటే ఇవ్వబడనిది. 'ఆదానం' అంటే తీసుకోవడం. అంటే, ఎదుటివాళ్ళు ఇవ్వనిదాన్ని తీసుకోవడం. జేబు కొట్టడం ఒక్కటే కాదండి. ఇంకొకరి కష్టాన్ని, వాళ్ళు ఇష్టపడి ఇవ్వకుండా, నాదే అని ఉంచుకోవడం కూడా అందులోకే వస్తుంది.

ఇప్పుడు ఇంటి సంగతి చూడండి. ఉదాహరణకి ఒక ఇల్లు అనుకుందాం. స్థలం కొనడానికి ఆమె పుట్టింటి బంగారం అమ్మారు. కట్టడానికి ఆయన జీతం మీద హౌసింగ్ లోన్ తీసుకున్నారు. లోన్ ఆయన పేరు మీద కాబట్టి రిజిస్ట్రేషన్ కూడా ఆయన పేరు మీదే చేయించారు. పద్నాలుగేళ్ళు ఆయన ఈఎంఐ కట్టాడు. ఆ పద్నాలుగేళ్ళూ ఆమె వండింది, పిల్లల్ని పెంచింది, అత్తగారికి మందులు పోసింది, మిషను కుట్టి కరెంటు బిల్లు, కూరగాయలు గడిపింది. ఆమె ఆ పనులు చేయకపోతే ఆయన జీతంలో ఈఎంఐకి మిగిలేదేనా? కాగితం మీద పేరు ఒక్కటే. కష్టం రెండు.

సిగాలోవాద సుత్తంలో బుద్ధ భగవానుడు గృహస్థ యువకుడికి భార్యాభర్తల బాధ్యతలు చెప్పాడు. భర్త చేయాల్సిన ఐదింటిలో భార్యను గౌరవించడం ఉంది, ఇంటి అధికారం ఆమెకి అప్పగించడం ఉంది. భార్య చేయాల్సిన ఐదింటిలో భర్త సంపాదించి తెచ్చినదాన్ని కాపాడటం ఉంది. గమనించారా? సొమ్ము విషయంలో రెండు పనులున్నాయి. తేవడం ఒకటి, నిలబెట్టడం ఒకటి. నిలబెట్టినవాళ్ళు లేకపోతే తెచ్చింది ఆవిరైపోతుంది. రెండున్నర వేల ఏళ్ళ కిందట శాస్త ఈ పనిని పేరు పెట్టి లెక్కలోకి తీసుకున్నాడు. మనం ఈరోజు "ఆమె ఇంట్లోనే కూచుంది" అంటే ఏమనాలి?

మరి చట్టం సంగతి ఏమిటి? ఇది తెలుసుకోవాలి. మన దేశంలో గోవా మినహా, పెళ్ళి తర్వాత సంపాదించిన ఆస్తి విడాకులప్పుడు భార్యాభర్తలకి సగం సగం అని చెప్పే సాధారణ నియమం లేదు. ఇల్లు ఎవరి పేరు మీదుంటే మామూలుగా వాళ్ళదే. భార్యకి భరణం అడిగే హక్కుంది. పెట్టుబడి పెట్టానని రుజువులు చూపిస్తే కోర్టు వింటుంది. 2005 గృహహింస నిరోధక చట్టం ప్రకారం, తన పేరు లేకపోయినా కాపురం చేసిన ఇంట్లోంచి భార్యని చట్టప్రకారం తప్ప గెంటడానికి లేదు. కానీ ఉండే హక్కు వేరు, వాటా వేరు. అంటే చట్టం ఒక హద్దు గీసి అక్కడ ఆగిపోతుంది. చట్టం అడగని చోట కూడా శీలం అడుగుతుంది. "కోర్టులో నాదే అని తేలింది" అన్న మాట రెండో శీలానికి జవాబు కాదు.

బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లులో స్త్రీకి విడాకుల హక్కు పెట్టారు, ఆస్తి హక్కూ పెట్టారు. రెండూ ఒకే బిల్లులో ఎందుకున్నాయో ఆలోచించండి. బయటికి వెళ్ళే హక్కు మాత్రం ఇచ్చి, వెళ్ళి తలదాచుకోవడానికి ఏమీ లేకుండా చేస్తే ఆ హక్కు ఉట్టి కాగితమే. ఆ బిల్లు ఆపేశారని 1951లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. తర్వాత 1955, 56లలో ముక్కలు ముక్కలుగా చట్టాలయ్యాయి. ఆ చట్టాలు బౌద్ధులకి కూడా వర్తిస్తాయి. పదవినే వదులుకున్న మనిషి అనుచరులం మనం. విడిపోయిన భార్య చేతిలో ఒక బ్యాగు పెట్టి పుట్టింటికి పంపేసి, ఇంటి గోడకి ఆయన పటం తగిలించుకుంటే ఆ పటానికి అర్థం ఏముంది?

మన నేల చరిత్రలోనూ ఒక సంగతి ఉంది. నాగార్జునకొండ శాసనాల్లో ఇక్ష్వాకు రాజవంశపు స్త్రీలు మహాచైత్యానికీ, విహారాలకీ ఇచ్చిన దానాలు కనిపిస్తాయి. బోధిసిరి అనే ఉపాసిక పేరు అక్కడి రాతి మీద ఇప్పటికీ ఉంది. ఆమె రాజకుమారి కాదు. అయినా చైత్యగృహం కట్టించింది, ఎన్నో చోట్ల దానాలు చేసింది. దానం చేయాలంటే ముందు తనది అని ఒకటి ఉండాలి కదా. తనది అనేది లేని మనిషి దేన్ని ఇస్తుంది? స్త్రీ చేతిలో సొత్తు ఉండటం బౌద్ధానికి కొత్త విషయం కాదు. మధ్యలో మరిచిపోయాం, అంతే.

ఇదే శీలం ఆమెకి కూడా వర్తిస్తుంది. ఇల్లు ఇద్దరి కష్టంతో కట్టినదైతే మొత్తం తనకే కావాలనడం, ఎక్కువ రాబట్టుకోవడానికి జరగని కొట్లాట జరిగిందని ఫిర్యాదులో రాయించడం రెండో శీలాన్నీ నాలుగో శీలాన్నీ ఒక్కసారే మీరడం. నిజంగా హింస జరిగితే దాచొద్దు, ధైర్యంగా చెప్పండి, ఫిర్యాదు చేయండి. జరగనిదాన్ని బేరానికి వాడొద్దు.

నాలుగు తప్పుదారులు

అదే సిగాలోవాద సుత్తంలో మనిషిని చెడ్డ పనికి తోసే నాలుగు దారులు చెప్పాడు శాస్త. ఛందం, ద్వేషం, మోహం, భయం. వీటిని 'అగతి' అంటారు. పోకూడని దారి అని అర్థం. ఇల్లు అమ్మే వ్యవహారంలో ఈ నాలుగూ ఎలా వస్తాయో చూద్దాం.

ఛందం అంటే పక్షపాతం. "మావాడు" అన్న ప్రేమ. కొడుకు తల్లి "నా కొడుకు కష్టం" అంటుంది. కూతురు తండ్రి "నా బిడ్డ జీవితం" అంటాడు. రెండూ నిజాలే. ఎవరి నిజం వాళ్ళు చెప్తారు, రెండో నిజాన్ని మాత్రం ఎవరూ వినరు. పెద్దమనుషులు ఎవరింటి కాఫీ తాగారో ఆ పక్షమే మాట్లాడతారు. తీర్పు చెప్పేవాళ్ళు ఇద్దరిలో ఎవరికీ దగ్గరవాళ్ళు కాకుండా చూసుకోవాలి.

ద్వేషం అంటే మనకి తెలిసిందే. "నాకు దక్కకపోయినా ఫర్వాలేదు, దానికి దక్కకూడదు." ఇలా అనుకుని సంతకం పెట్టకుండా ఏళ్ళకేళ్ళు నానబెట్టేవాళ్ళున్నారు. కొనేవాళ్ళు వచ్చినప్పుడు ఇంటి మీద లేనిపోని గొడవలు చెప్పి పంపేసేవాళ్ళున్నారు. తెలిసినవాళ్ళకి తక్కువ ధరకి రాసిచ్చి, తేడా సొమ్ము చేతుల కింద తీసుకునేవాళ్ళున్నారు. ఈలోగా వడ్డీ పెరుగుతుంది, ఇల్లు పాడవుతుంది, పిల్లల చదువు ఆగుతుంది. పగ అనే నిప్పుని ఎదుటివాడి మీద వేద్దామని చేతిలో పట్టుకుంటే ముందు కాలేది మన చెయ్యే.

మోహం అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేకపోవడం. "ఇది మా నాన్న చేతులతో కట్టిన ఇల్లు, ప్రాణం పోయినా అమ్మను" అంటాడొకాయన. కానీ ఒక్క జీతం మీద రెండు కాపురాలు, ఈఎంఐ, పిల్లల ఖర్చు నడవవు. చేబదులు, వడ్డీ అప్పు, చీటీ పాట. రెండేళ్ళకి బ్యాంకు నోటీసు. గౌరవంగా అమ్ముకోవాల్సిన ఇల్లు వేలంలో పోతుంది. ఆమె వైపు కూడా మోహం ఉండొచ్చు. ఇల్లు దక్కించుకుంటే పోయిన కాపురం కాస్తయినా దక్కినట్టే అనిపిస్తుంది. గోడలు దక్కినంత మాత్రాన కాపురం రాదు.

నాలుగోది భయం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది శీలం వేషం వేసుకుని వస్తుంది. "నాకేమీ వద్దు, గొడవ వద్దు, కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా" అంటుంది ఒక అమ్మాయి. చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకుంటారు. "చూడు, ఎంత త్యాగం! ఇదీ బౌద్ధం" అంటారు. కాదండి. భయపడి వదిలేసింది దానం కాదు. దానం అంటే ఇచ్చేవాళ్ళ మనసు నిండి ఇచ్చేది. భయపెట్టి వదిలించుకున్నది తీసుకున్నవాళ్ళకి అదిన్నాదానమే. ఆమె ఇవ్వలేదు, వాళ్ళే తీసుకున్నారు.

"అనిత్యం" అన్న మాట ఎవరికి చెప్పాలి

ఇక్కడ మనలో మనం ఒక విషయం నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఇలాంటి తగాదాల్లో మన వాళ్ళే కొందరు "అన్నీ అనిత్యం తల్లీ, ఆస్తి మీద తృష్ణ వదులుకో" అని చెప్తుంటారు. ఎవరికి చెప్తారో చూశారా? వాటా అడిగేవాళ్ళకి. వాటా పట్టుకు కూర్చున్నవాళ్ళకి ఎవరూ చెప్పరు.

అనిత్యం అన్నది నా మనసుని నేను చూసుకోవడానికి బుద్ధుడు ఇచ్చిన అద్దం. దాన్ని ఎదుటివాళ్ళ మొహం మీదికి తిప్పి, వాళ్ళ కళ్ళు జిగేల్మంటే వాళ్ళ చేతిలోది లాక్కోవడానికి ఇవ్వలేదు. మన తాతలకి కూడా కర్మ అని, పూర్వజన్మ అని, తృప్తి అని నేర్పారు కదా. ఎవరు నేర్పారు? భూమి ఉన్నవాళ్ళు. అలాంటి మాటలని తోసిపుచ్చే మనం ధమ్మంలోకి వచ్చాం. ఇప్పుడు అదే పనిని పాళీ మాటలతో మన ఇంటి ఆడవాళ్ళ మీద చేయకూడదు.

కాబట్టి ఒక నియమం పెట్టుకుందాం. తృష్ణ గురించి నా వాటా దగ్గర ఆలోచిస్తాను. న్యాయం గురించి నీ వాటా దగ్గర ఆలోచిస్తాను. ఇద్దరూ ఇలా అనుకుంటే లాయరు ఫీజు సగం తగ్గుతుంది.

అమ్మాలా వద్దా

అమ్మడం ఒక్కటే దారి కాదు. ఒకరు ఉంచుకుని రెండోవాళ్ళ వాటా సొమ్ము ఇవ్వొచ్చు. పిల్లవాడి పదో తరగతి అయ్యేవరకు తల్లీ పిల్లలు అందులో ఉండి, ఆ తర్వాత అమ్మేలా రాసుకోవచ్చు. అద్దెకిచ్చి, వచ్చిన అద్దెతో లోన్ తీర్చొచ్చు. ఏది కుదురుతుందన్నది ఆ కుటుంబం సంపాదన మీద, అప్పు మీద, పిల్లల వయసు మీద ఆధారపడి ఉంటుంది.

పెద్దమనుషులు ఎక్కువగా చెప్పే దారి ఇంకోటుంది. "ఎవరికీ వద్దు, పిల్లల పేరు మీద రాసేయండి." వినడానికి బాగుంటుంది. కానీ జాగ్రత్త. మైనరు పేరు మీదున్న స్థిరాస్తిని తల్లి అయినా తండ్రి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఒప్పుకోదు. రేపు పిల్లకి జబ్బు చేసినా, కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చినా ఆ ఇల్లు చటుక్కున అక్కరకి రాదు. పైగా అందులో ఎవరు ఉంటారు, పన్ను ఎవరు కడతారు, బాగుచేయించేది ఎవరు అన్న తగాదా అలాగే ఉంటుంది. పెద్దలు తేల్చుకోలేని గొడవని పిల్లల నెత్తిన పెట్టినట్టవుతుంది.

అమ్మకం మంచిదా కాదా అన్నది తూచడానికి ఒక తక్కెడ ఉంది. అంగుత్తర నికాయంలో శాస్త అనాథపిండికుడికి గృహస్థుడి నాలుగు సుఖాలు చెప్పాడు. ఆస్తి ఉందన్న సుఖం. దాన్ని అనుభవించే, పదిమందికీ పెట్టే సుఖం. అప్పు లేని సుఖం. నింద లేని సుఖం, అంటే మనసులో, మాటలో, చేతలో తప్పు లేకుండా బతుకుతున్నానన్న సుఖం. మొదటి మూడూ కలిపినా నాలుగోదాంట్లో పదహారో వంతుకి కూడా సాటిరావని చెప్పాడు.

మన ఉదాహరణలోని ఇంటికి ఈ తక్కెడ వేసి చూడండి. ఇల్లు 60 లక్షలకి పోయిందనుకుందాం. లోన్ ఇంకా 12 లక్షలుంది. ముందు అది తీర్చేస్తే అప్పు లేని సుఖం ఇద్దరికీ దక్కుతుంది. మిగిలింది 48 లక్షలు. స్థలానికి పడిన ఆమె బంగారాన్ని ముందు లెక్కలోకి తీసి పక్కన పెట్టాలి. అలాగే ఆయన తల్లిదండ్రులు ఏమైనా ఇచ్చి ఉంటే అది కూడా. ఆ తర్వాత మిగిలినదాన్ని సగం సగం చేసుకోవచ్చు. పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతారో వాళ్ళకి ఇంకాస్త ఎక్కువ వచ్చేలా చూసుకోవచ్చు. ఇదే సరైన లెక్క అని నేను చెప్పడం లేదు. లెక్క అంటూ ఒకటి ఉండాలి, అది ఇద్దరి ముందూ ఉండాలి, ఇద్దరూ దాన్ని చదివి అర్థం చేసుకోవాలి. ఆస్తి ఉందన్న సుఖం ఇద్దరికీ సగమవుతుంది, నిజమే. కానీ పదేళ్ళ తర్వాత కూతురి పెళ్ళిలో ఎదురుపడినప్పుడు తల దించుకోకుండా నిలబడగలిగితే ఆ నాలుగో సుఖం ఇద్దరికీ మిగిలినట్టు. అది ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనూ రాయించుకోలేనిది.

కాగితాల దగ్గర అప్పమాదం

అప్పమాదం అంటే ఏమరుపాటు లేకపోవడం. ధమ్మంలో ఉన్నాం కదా అని కాగితాల్లో అజాగ్రత్తగా ఉండొద్దు.

ఒకటి. పెద్దమనుషుల ముందు రాసుకున్న విడిపోయే కాగితాన్ని నమ్ముకుని ఇల్లు అమ్మొద్దు. ఆచారం ప్రకారం విడాకులని చెప్పుకోవాలంటే అలాంటి ఆచారం ఉందని రుజువు చేసుకోవాల్సి వస్తుంది. కోర్టు డిక్రీ ఉంటే ఆ బాధ లేదు. ఇద్దరికీ ఇష్టమైతే పరస్పర అంగీకారంతో విడాకులకి దారి ఉంది. ఏడాదిగా విడిగా ఉంటే చాలు. మామూలుగా ఆర్నెల్లు ఆగమంటారు, తగిన కేసుల్లో ఆ గడువుని కోర్టు తగ్గించొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఇల్లు ఎలా పంచుకుంటున్నారో ఆ పిటిషన్‌లోనే రాయించుకోండి.

రెండు. ఒకరి వాటా ఇంకొకరికి వదులుతున్నప్పుడు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకుంటే సరిపోదు. రిజిస్ట్రేషన్ చేయించండి.

మూడు. ఇంటికి ఇచ్చిన పట్టా ఎలాంటిదో చూడండి. మన కాలనీల్లో చాలా ఇళ్ళు ప్రభుత్వం ఇచ్చిన స్థలాల్లో ఉన్నాయి. అసైన్డ్ భూముల అమ్మకాల మీద 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. ఇంటి స్థలాలకి కొన్నేళ్ళ తర్వాత సడలింపులున్నా, షరతులు చూడకుండా అమ్మితే కొన్నవాళ్ళూ మునుగుతారు, అమ్మినవాళ్ళూ మునుగుతారు. పట్టా ఆమె పేరు మీదుంటే అది ఆమెదే, ఆమె సంతకం లేకుండా బేరం పెట్టొద్దు.

నాలుగు. ఈసీ తీయించండి. లోన్ బాకీ ఎంతో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అడ్వాన్సు సహా ప్రతి రూపాయీ బ్యాంకు ఖాతాలోకే రానివ్వండి. చేతి సొమ్ము దగ్గరే అబద్ధం పుడుతుంది.

ఐదు. ఇంట్లో ముసలి తల్లో తండ్రో ఉంటే, తాళం ఇచ్చే రోజుకి వాళ్ళు ఎక్కడికి వెళ్తారో ముందే తేల్చండి. విడిపోయింది భార్యాభర్తలు, ఆ ముసలివాళ్ళు కాదు.

మనం, అంటే విహారం, ఏం చేయాలి

విడాకులైన ఇంటి గురించి బయటివాళ్ళు "ధమ్మం తీసుకున్నారు కదా, వీళ్ళ బతుకూ ఇంతేనా" అంటారు. ఆ మాటకి భయపడి మనం ఇద్దరినీ బలవంతంగా ఒక గదిలోకి తోస్తాం, లేదంటే ఇద్దరిలో ఒకరిని విహారానికి దూరం చేస్తాం. ఎక్కువసార్లు దూరమయ్యేది ఆమే. బుద్ధుడి కాలంలో ఇసిదాసి అనే ఆమెకి ఒకటి కాదు, మూడు పెళ్ళిళ్ళూ విఫలమయ్యాయి. ఆమెకి భిక్కుణీ సంఘం చోటిచ్చింది. ఆమె గాథ థేరీగాథల్లో నిలిచి ఉంది. కాపురం విఫలమైన మనిషిని సంఘం చేర్చుకుంది, ఎవరి తప్పని గుమ్మంలో నిలబెట్టి విచారణ చేయలేదు.

మనం చేయగలిగిన పనులు చిన్నవే. ఇద్దరికీ సమానంగా తెలియని ఒక లెక్కలు వచ్చిన ఉపాసకుణ్ణో ఉపాసికనో కూర్చోబెట్టి లెక్క రాయించడం. ఆమెకి కాగితం చదివి వినిపించడం, అర్థమయ్యేదాకా సంతకం పెట్టనివ్వకపోవడం. లాయరు ఫీజు కట్టలేనివాళ్ళని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి తీసుకెళ్ళడం. స్త్రీలకీ, ఎస్సీ, ఎస్టీలకీ అక్కడ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. పిల్లల ముందు వాళ్ళ అమ్మ గురించో నాన్న గురించో చెడ్డ మాట రానివ్వకపోవడం. ఇల్లు ఖాళీ చేసే రోజు సామాను మోయడానికి ఇద్దరు కుర్రాళ్ళని పంపడం, అదీ రెండిళ్ళకీ. సమ్మా వాచా, సమ్మా కమ్మంత అని ప్రతి ఆదివారం చెప్పుకుంటాం కదా. ఆ రోజు చేసి చూపించాలి.

పటాల గురించి కూడా ఒకరు అడిగారు. ఇల్లు అమ్మాక గోడ మీది బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం ఎవరు తీసుకెళ్ళాలి అని. ఇద్దరూ తలా ఒకటి తీసుకెళ్ళండి. రెండో పటం ఎవరింట్లో లేకపోతే వాళ్ళకి విహారం ఒకటి ఇస్తుంది. అది పెద్ద ఖర్చేమీ కాదు.

ఇల్లు పోతే బౌద్ధం పోదు. కాపురం పోయినా పోదు. ఇద్దరూ శీలం నిలబెట్టుకుంటే రెండు అద్దె ఇళ్ళలో కూడా ధమ్మం ఉంటుంది. శీలం తప్పితే మూడంతస్తుల సొంత ఇంట్లో కూడా ఉండదు. ఇప్పుడు ఈ కష్టంలో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే కోరుతున్నాం. సంతకం పెట్టేముందు ఒక రాత్రి కూర్చుని మిమ్మల్ని మీరు అడగండి: ఇందులో ఎదుటివాళ్ళు ఇవ్వనిది నేనేమైనా తీసుకుంటున్నానా? భయపడి నేనేమైనా వదిలేస్తున్నానా? రెండింటికీ "లేదు" అని జవాబు వస్తే ధైర్యంగా సంతకం పెట్టండి.

భవతు సబ్బ మంగళం.

నమో బుద్ధాయ! జై భీమ్!